కృష్ణాతీరమున రోమను జాడలు

కడప జిల్లాలోని బ్రహ్మంగారిమఠము చెంత బ్రహ్మంసాగరమను జలాశయము కలదు. శ్రీశైలమునుండి వెలుగోడు మీదుగా కృష్ణానీరు దానికి చేరుచుండును. శ్రీశైలము దాటిన కృష్ణ మఱికొంత దూరము ప్రవహించి, నాగార్జునసాగరమను మఱియొక పెద్ద జలాశయమున నిలుచును. ఆ నీటి యడుగున ఒక ప్రాచీన రాజధాని మునిగియున్నది. దాని పేరు విజయపురి.

మూడు వైపుల కొండలును, నాలుగవ వైపున కృష్ణానదియు గల లోయలో ఈ నగరము వెలసెను. శాతవాహనుల తరువాత, క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో, ఇక్ష్వాకు రాజులు ఇచ్చటినుండి రాజ్యమేలిరి. రాజులు వైదిక ధర్మమును ఆదరింపగా, రాజకుటుంబమునకు చెందిన స్త్రీలు బౌద్ధ విహారములకు దానములు చేసిరి. కాలక్రమమున నగరము పాడువడి అడవి పాలయ్యెను. 1926లో ఒక స్థానికోపాధ్యాయుడు ఇచ్చటి ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. ఆ మీదట లాంగ్‌హర్‌స్టు అను పురావస్తు శాస్త్రజ్ఞుడు 1927 మొదలు 1931 వఱకు త్రవ్వకములు సాగించెను.

త్రవ్వకములలో బయల్పడిన వానిలో కొన్ని పరిశోధకులకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినవి. రాజప్రాసాదమున్న తావున దొరకిన ఒక శిలాస్తంభముపై గడ్డము గల పురుషుని రూపము చెక్కబడియున్నది. అతని చేతిలో కొమ్ముతో చేసిన పానపాత్ర, ప్రక్కన మద్యభాండము. గ్రీకులును రోమనులును ద్రాక్షాసవమునకు అధిదేవతగా కొలిచిన డయోనిససు రూపమును ఇది పోలియున్నదని పండితులు గుర్తించిరి. రోమను బంగారు నాణెములును ఇచ్చట దొరకినవి. వానిలో ఒకటి టిబీరియసు చక్రవర్తిది. మఱియొకటి అంటోనినసు పయసు చక్రవర్తి భార్యయగు ఫాస్టినా పేరిటిది.

రోమానగర మెక్కడ? కృష్ణాతీర మెక్కడ? ఈ రెంటిని కలిపినది వాణిజ్యము. ఎఱ్ఱసముద్రపు రేవులలో బయలుదేరిన ఓడలు నైరృతి ఋతుపవనముల బలముతో సముద్రము దాటి మన దేశమునకు వచ్చెడివి. వర్తకులు మిరియములు, నూలుబట్టలు, రత్నములు కొనిపోయి, బంగారమును, వెండిని, ద్రాక్షాసవమును ఇచ్చెడివారు. పుదుచ్చేరి సమీపమందలి అరికమేడులో 1945లో జరిగిన త్రవ్వకములలో మధ్యధరా ప్రాంతపు ద్రాక్షాసవ భాండముల పెంకులు లభించినవి. తమ ధనము ఏటేట భారతదేశమునకు తరలిపోవుచున్నదని 1వ శతాబ్దిలో ప్లినీ అను రోమను రచయిత వాపోయెను.

విజయపురి వర్ధిల్లిన 3వ శతాబ్దిలోనే, రోమను సామ్రాజ్యపు ఉత్తర భాగమున, నేటి జర్మనీలో, మోసెల్ నదీతీరమున ట్రియర్ అను నగరము వెలుగొందుచుండెను. ఆ నదికి ఇరువైపుల కొండవాలులపై నేటికిని ద్రాక్షతోటలు కలవు. ద్రాక్షాసవపు పీపాలు నింపుకొని, తెడ్లు వేయువారితో సాగుచున్న పడవ శిల్పమొకటి అచ్చటి వస్తుప్రదర్శనశాలలో నున్నది. అది సుమారు 220 నాటిది. నగరపు అంచున రోమనులు కట్టిన క్రీడారంగము నేటికిని నిలిచియున్నది.

విజయపురిలోను అట్టి క్రీడారంగ మొకటి బయల్పడెను. నడుమ ఆటస్థలము, చుట్టును ప్రేక్షకులు కూర్చుండుటకు మెట్ల వరుసలు కలవు. అయితే ట్రియరులోని రంగము అండాకారము; విజయపురి రంగము చతురస్రము వలె నాలుగు ప్రక్కలు గలది. కావున దీనిని రోమను కట్టడమునకు అచ్చమైన నకలని తలపరాదు. వర్తకులతో వచ్చిన భావములను మన శిల్పులు తమ పద్ధతిలో మలచుకొని యుండవచ్చును.

1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. లక్షల ఎకరములకు నీరు కావలెను. అందుకై లోయ మునుగక తప్పదు. లోయలోని పల్లెల ప్రజలు ఇల్లువాకిళ్లు విడిచిపోవలసి వచ్చెను. నీరు రాకముందే చరిత్రను కాపాడవలెనని పురావస్తు శాఖవారు 1954 నుండి 1960 వఱకు లోయనంతయు త్రవ్వి పరిశీలించిరి. ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని ఊడదీసి, నాగార్జునకొండపైనను, కుడిగట్టున అనుపు అను చోటను తిరిగి నిలిపిరి. తక్కినవి నీటిపాలైనవి.

ట్రియరులోని రోమను ద్వారములలో 'నల్లద్వారము' ఒక్కటే మిగిలినది. తక్కిన వానిని రాళ్లకై ప్రజలు కూల్చిరి. దీనిని మాత్రము 11వ శతాబ్దిలో దేవాలయముగా మార్చుటచే అది బ్రతికెను. అచ్చట మనుష్యుల అవసరమే ఒక కట్టడమును కాపాడెను. ఇచ్చట మనుష్యుల అవసరమే ఒక నగరమును ముంచెను. పంటకు నీరు వలదని ఎవడనగలడు? పూర్వుల గుర్తులు పోయినను పోనిమ్మని మాత్రము ఎవడనగలడు? రెండును కావలెనన్న పెద్దలు ఆఱేండ్లు శ్రమించి, దక్కినంత దక్కించిరి.

నేడు విజయపురి దక్షిణమునుండి పడవపై నాగార్జునకొండకు పోవచ్చును. కొండ యిప్పుడు ద్వీపమైనది; దానిపై వస్తుప్రదర్శనశాల కలదు. అచ్చటి శిల్పములను తొందరపడక చూడుడు. అనుపులోని క్రీడారంగపు మెట్లపై కొంతసేపు కూర్చుండుడు. ఆ రాళ్లు అచ్చట పుట్టినవి కావనియు, వానిని ఒక తరమువారు మీ కొఱకు మోసికొని వచ్చిరనియు మఱువకుడు.