పన్నెండేళ్లకే పెద్ద టికెట్టు, పద్దెనిమిదికి గానీ రాని కార్డు

నగరికి ఒకవైపు రేణిగుంట, మరోవైపు చెన్నై. తిరుపతి-చెన్నై దారిలో ఉన్న ఈ మరమగ్గాల ఊరి నుంచి రెండు విమానాశ్రయాలకూ కొన్ని గంటల్లోనే చేరుకోవచ్చు. పదో తరగతి కాగానే పిల్లల్ని తిరుపతికో విజయవాడకో హైదరాబాదుకో ఇంటర్ చదువుకు పంపడం ఇక్కడి ఇళ్లలో మామూలైపోయింది. ఇంటర్ తర్వాత జేఈఈ ర్యాంకు ఎంత దూరం తీసుకెళ్తే అంత దూరం వెళ్తారు, అది గువాహటి ఐఐటీ కావచ్చు, సిల్చర్ ఎన్ఐటీ కావచ్చు. అప్పటికి చాలామందికి పదిహేడేళ్లే. 2015లో తిరుపతిలో మొదలైన ఐఐటీ, ఐసర్‌లలో చేరడానికి ఉత్తరాది నుంచి రేణిగుంటలో దిగే పిల్లలదీ ఇంచుమించు అదే వయసు. రైల్లో రెండు మూడు రోజులు పట్టే ప్రయాణాలకు తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి విమానం టికెట్టు కొంటున్నారు. అంత ఖర్చు పెట్టిన ఇంట్లో కూడా పిల్లవాడి గుర్తింపు కార్డు సంగతి చివరి రోజు దాకా ఎవరికీ గుర్తురాదు. ఆ మరుపు తప్పంతా కుటుంబాలదే అనలేం. మన నిబంధనల్లోనే ఒక ఖాళీ ఉంది.

విమానయాన సంస్థల లెక్కలో పన్నెండేళ్లు నిండితే పెద్దవాళ్లే. పూర్తి ఛార్జీ తీసుకుంటారు, ఒంటరిగా ప్రయాణం చెయ్యనిస్తారు. అంతకంటే చిన్నపిల్లలు, సాధారణంగా ఐదు నుంచి పన్నెండేళ్ల మధ్యవాళ్లు, ఒంటరిగా వెళ్తే ఒక ఫారం నింపించుకుని, సిబ్బందిలో ఒకరిని తోడు పెట్టి, అవతలి ఊళ్లో పేరు రాసి ఇచ్చినవారికే అప్పగిస్తారు. పన్నెండు దాటినవారికి ఈ అండ తప్పనిసరి కాదు. ప్రభుత్వం ఇచ్చే కార్డుల లెక్క వేరు. ఓటరు కార్డు పద్దెనిమిదికి గానీ రాదు. డ్రైవింగ్ లైసెన్సూ అంతే. పదహారేళ్లకు గేర్లు లేని చిన్న బండికి ఇస్తారు గానీ, దాన్ని తీసుకునేవాళ్లు అరుదు. అంటే టికెట్టు కొనే చోట పెద్దవాడైన పిల్లవాడు కార్డు ఇచ్చే చోట ఇంకా చిన్నవాడే. పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య ఉన్న ఈ ఆరేళ్లలో విమానాశ్రయం గేటు దగ్గర తానెవరో చూపించుకునే భారం ఆ పిల్లవాడి మీదే పడుతోంది. అందుకు తగిన కాగితాన్ని మాత్రం ఎవరూ తమంతట తాముగా వాడి చేతిలో పెట్టడం లేదు.

పౌర విమానయాన భద్రతా బ్యూరో 2017 అక్టోబరులో దేశీయ ప్రయాణాలకు చెల్లే పది రకాల పత్రాలను ప్రకటించింది. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్ లేదా ఎమ్ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఉద్యోగి కార్డు, విద్యార్థి కార్డు, ఫొటో ఉన్న జాతీయ బ్యాంకు పాస్‌బుక్కు, పింఛను కార్డు, వికలాంగుల కార్డు ఆ పట్టికలోవి. చూడ్డానికి పెద్ద పట్టికే. పదిహేనేళ్ల పిల్ల వైపు నుంచి చదివితే చాలావరకు కరిగిపోతుంది. ఓటరు, ఉద్యోగి, పింఛను కార్డులు ఆ వయసుకు వర్తించవు. పాన్ మైనర్లకూ ఇస్తారు కానీ ఆ కార్డు మీద ఫొటో ఉండదు, గేటు దగ్గర మొహం పోల్చి చూసుకోవడానికి అది పనికిరాదు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికి రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది, అయితే పాస్‌బుక్కులో ఫొటో అతికించి ముద్ర వేయించుకోవాలన్న ధ్యాస ఎందరికి ఉంటుంది? ఇక విద్యార్థి కార్డు. కొన్ని విమానయాన సంస్థల నిబంధనల్లో ప్రభుత్వ విద్యాసంస్థలు ఇచ్చినదై ఉండాలన్న మాట కనిపిస్తుంది. మన పిల్లల్లో చాలామంది చదివేదేమో ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో. పైగా అసలు అవసరం పడే రోజున అది చేతిలో ఉండదు. పాత కాలేజీ కార్డుకు గడువు తీరిపోయి ఉంటుంది, కొత్త కాలేజీ కార్డు అక్కడికి వెళ్లి చేరితే గానీ రాదు.

చివరికి మిగిలేవి ఆధార్, పాస్‌పోర్టు. ఆధార్ దాదాపు అందరి దగ్గరా ఉంది కాబట్టి సమస్య తీరిందని చాలామంది అనుకుంటారు. ఆ కార్డు మీద ఫొటో ఏ వయసుదో తీసి చూడాలి. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే ఆధార్ ఇస్తారు. ఐదేళ్ల వయసులో ఒకసారి, పదిహేనేళ్లకు మరోసారి వేలిముద్రలు, కనుపాప, ఫొటో కొత్తగా ఇవ్వడం తప్పనిసరి. పదిహేను నుంచి పదిహేడేళ్ల మధ్య చేయించుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. అది చేయించని పిల్లవాడు నూనూగు మీసాలతో గేటు దగ్గర నిలబడి ఒకటో తరగతి మొహాన్ని చూపిస్తాడు. భద్రతా సిబ్బంది ఆపి ప్రశ్నలు వేస్తే వాళ్లను తప్పుపట్టలేం. ఇంకొక చిక్కు ఫోను నంబరు. పిల్లల ఆధార్‌కు సాధారణంగా తండ్రి నంబరే జోడించి ఉంటుంది. పిల్లవాడు గువాహటిలో ఫోన్లో ఆధార్ తెరవబోతే ఓటీపీ నగరిలో మోగుతుంది. అందుకే అసలు కార్డు పిల్లవాడి సంచిలోనే ఉండాలి. జిరాక్సు కాపీ చెల్లదు.

అంతకంటే పెద్ద తంటా పేరుతో. మన ప్రాంతంలో రెండు పద్ధతులు కలిసిపోయాయి. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళ ఇళ్లలో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్ అవుతుంది. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఈ రెండూ కనిపిస్తాయి. టెన్త్ మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. టికెట్టు కొనే యాప్ మొదటి పేరు, చివరి పేరు రెండూ అడుగుతుంది. చివరి పేరు గడిలో ఒక్క అక్షరం పట్టదంటే, బుక్ చేసే అన్నయ్యో నెట్ సెంటరు కుర్రాడో తోచింది రాసేస్తాడు. తోచింది రాయడం మానేసి, వెంట తీసుకెళ్లే కార్డు ముందు పెట్టుకుని అందులో ఉన్నట్టే టికెట్టు తియ్యాలి. కార్డునే సరిచేసుకోవాలంటే ఆధార్‌లో పేరు మార్పుకు జీవితం మొత్తం మీద రెండే అవకాశాలు. కాబట్టి టెన్త్ సర్టిఫికెట్లోని పేరుతో సరిపోయేలా ఒక్కసారే జాగ్రత్తగా మార్చుకోవడం మేలు.

తల్లిదండ్రులతో వెళ్లే మైనర్లకు కార్డు అక్కర్లేదని 2017 ఉత్తర్వులోనే ఉంది కదా, ఇంత హడావుడి దేనికి అని అడగవచ్చు. ఆ మినహాయింపు నిజమే, మంచిదే. అయితే అది తల్లిదండ్రులు వెంట ఉన్నప్పటి మాట. మేనమామతో పెళ్లికి వెళ్లే పిల్ల సంగతి అందులో లేదు. వెళ్లేటప్పుడు అమ్మానాన్నలతో కలిసి వెళ్లి, వచ్చేటప్పుడు పరీక్షలున్నాయని ముందుగా ఒంటరిగా తిరిగొచ్చే పిల్ల సంగతీ లేదు. కుటుంబ ప్రయాణాలు మధ్యలో మారడం మనకు కొత్తేమీ కాదు. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పే మాట మరొకటి: అక్కడ దేశంలోపల తిరిగే పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని భద్రతా సంస్థ గుర్తింపు కార్డు అడగదని. అదీ నిజమే. 2025 మే నుంచి పెద్దలకు కొత్త రకం కార్డుల నిబంధన గట్టిగా అమలు చేస్తున్నా పిల్లలకు ఆ మినహాయింపు ఉంచారు. మనమూ ఆ దారిన వెళ్లాలని కోరవచ్చు. ఆ మార్పు వచ్చేదాకా ఇక్కడి పిల్లవాడు ఇక్కడి గేటే దాటాలి.

పిల్లల వేలిముద్రలు అలా ఇచ్చుకుంటూ పోవడమేమిటన్న అభ్యంతరం వీటన్నిటికన్నా బరువైనది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు స్కూల్లో చేరడానికి ఆధార్‌ను తప్పనిసరి చేయకూడదని చెప్పింది. మైనారిటీ తీరాక ఆధార్ నుంచి తప్పుకునే వీలు పిల్లలకు ఉండాలని కూడా చెప్పింది. ఆ జాగ్రత్త న్యాయమైనది. అలా అనుకునే కుటుంబాలకు పాస్‌పోర్టు ఉంది. దానికీ వేలిముద్రలు ఇవ్వాల్సే రావచ్చు గానీ, ఆధార్ నంబరును ఊరూరా చూపించాల్సిన పని ఉండదు. మైనర్ పాస్‌పోర్టు ఐదేళ్లు లేదా పద్దెనిమిదేళ్లు నిండేదాకా, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. పదిహేను దాటినవారు కావాలంటే పదేళ్ల గడువుతోనూ తీసుకోవచ్చు. మామూలు రుసుము వెయ్యి రూపాయలు, పదేళ్లదానికి పదిహేను వందలు. తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది. మగ్గం మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు, అలాంటి ఇంటికి ఖర్చు లేని ఆధార్ నవీకరణే దారి.

ఏ పత్రమూ లేనివారికి గ్రూపు ఎ గెజిటెడ్ అధికారి తన లెటర్‌హెడ్ మీద ఫొటో అతికించి సంతకం చేసిన ధ్రువపత్రమూ చెల్లుతుంది. ప్రయాణానికి ముందురోజు అలాంటి అధికారిని పట్టుకోవడం పరపతి ఉన్నవాళ్లకే సాధ్యం. దీనికన్నా సులువైన దారి ఒకటి ఉంది. టెన్త్, ఇంటర్ బోర్డులు పరీక్ష రాసే ప్రతి పిల్లవాడికీ ఫొటోతో హాల్‌టికెట్ ఇస్తాయి. పరీక్ష కేంద్రంలో ఆ ఫొటోను చూసే పిల్లల్ని లోపలికి పంపుతారు. ప్రభుత్వ బోర్డు ఇచ్చిన ఆ కాగితాన్ని, ఏడాదిలోపుదైతే, ఒంటరిగా ప్రయాణించే మైనర్లకు చెల్లే పత్రంగా భద్రతా బ్యూరో తన పట్టికలో పదకొండోదిగా చేర్చాలి.