ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ కావాలా? సెర్చ్‌లో వెతక్కండి, ప్యాకేజీ మేనేజర్‌ని అడగండి

పాలకొల్లు: ఇంజినీరింగ్ మొదటి ఏడాది క్లాసులు మొదలైన కొద్ది రోజులకే పిల్లల చేతికి ఒక చీటీ వస్తుంది. పైథాన్, జావా, గిట్, వీఎస్ కోడ్... ఇవన్నీ ల్యాబ్‌కి వచ్చేలోపు ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని రమ్మని. పాలకొల్లు నుంచి రోజూ భీమవరం, నరసాపురం వెళ్ళొచ్చే పిల్లలు రాత్రి ఇంటికొచ్చి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, ఆ పేర్లు ఒక్కొక్కటే సెర్చ్‌లో కొడతారు. పేజీ తెరిస్తే పచ్చరంగు డౌన్‌లోడ్ బటన్లు నాలుగు కనిపిస్తాయి. అందులో అసలుది ఏదో, ప్రకటన ఏదో కొత్తవాళ్ళకి తెలియదు. ఏదో ఒకటి నొక్కేస్తారు.

అసలు ఇబ్బంది ఏమిటంటే, చాలా ఇళ్ళలో ఆ ల్యాప్‌టాప్ ఒక్క బిడ్డది కాదు. కువైట్ నుంచో ఖతర్ నుంచో మామూ తెచ్చిన సెకండ్ హ్యాండ్ మిషన్ ఇంటిల్లిపాదికీ ఒకటే. అబ్బా దుకాణం జీఎస్టీ రిటర్ను అందులోనే వేస్తారు. పాస్‌పోర్టు స్కాన్లు, ఉమ్రా కాగితాలు అందులోనే ఉంటాయి. బ్యాంకు పాస్‌వర్డు బ్రౌజర్‌లో సేవ్ అయి ఉంటుంది. ఇప్పుడు తిరుగుతున్న దొంగ సాఫ్ట్‌వేర్లలో ఒక రకం సరిగ్గా దాని కోసమే వస్తుంది. స్క్రీన్ మీద ఏమీ కనిపించదు, కంప్యూటర్ నెమ్మదించదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్లు మూటగట్టుకుని వెళ్ళిపోతుంది, అంతే.

అందుకే సాఫ్ట్‌వేర్ పని తెలిసినవాళ్ళు చాలామంది బటన్లు వెతుక్కుంటూ తిరగరు. ప్యాకేజీ మేనేజర్ అనేదాన్ని వాడతారు. పేరు పెద్దదే కానీ, సంగతి చిన్నది. ఫోన్‌లో ప్లే స్టోర్ చేసే పనే కంప్యూటర్‌లో ఇది చేస్తుంది. పేరు చెబితే ఎక్కడినుంచి తేవాలో దానికి తెలుసు. తెచ్చిన ఫైలు దారిలో మారిపోలేదని సరిచూస్తుంది. దానికి తోడుగా ఇంకేం కావాలో అవీ తెస్తుంది. తర్వాత కొత్త వెర్షన్ వస్తే మార్చేస్తుంది, వద్దంటే తీసేస్తుంది.

సరిచూడటం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే విలువంతా అక్కడే ఉంది. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్కు నంబరు చూస్తాం. కొట్టువాడి మాట మీద కాదు, ఆ గుర్తు మీద నమ్మకం. సాఫ్ట్‌వేర్ ఫైలుకి కూడా అలాంటి గుర్తు ఒకటి ఉంటుంది, దాన్ని హ్యాష్ అంటారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ హ్యాష్ మొత్తం మారిపోతుంది. ప్యాకేజీ మేనేజర్ దగ్గర అసలు హ్యాష్ ముందే రాసి ఉంటుంది. వచ్చిన ఫైలుతో అది కలవకపోతే ఎక్కించకుండా ఆపేస్తుంది. లినక్స్‌లో అయితే దీనితోపాటు డిజిటల్ సంతకం కూడా చూస్తారు.

ఇక ఎక్కించే పని. ఒక మాట: ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్లన్నీ కంప్యూటర్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

విండోస్ వాడేవాళ్ళే ఎక్కువ కాబట్టి ముందు అది. మైక్రోసాఫ్ట్ 2020 మేలో వింగెట్ అనే సొంత ప్యాకేజీ మేనేజర్‌ని ప్రకటించింది, 2021లో మొదటి పూర్తి వెర్షన్ ఇచ్చింది. విండోస్ 11లోనూ, విండోస్ 10 కొత్త వెర్షన్లలోనూ మామూలుగా అది ముందే ఉంటుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ గానీ పవర్‌షెల్ గానీ తెరవండి. వింగెట్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి వెర్షన్ అని కొట్టండి. నంబరు కనబడితే ఉన్నట్టే. ఆ పేరే తెలియదని ఎర్ర అక్షరాల్లో వస్తే కంగారు వద్దు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోకి వెళ్ళి యాప్ ఇన్‌స్టాలర్ అనేదాన్ని వెతికి అప్‌డేట్ చేస్తే వింగెట్ కూడా వచ్చేస్తుంది. దానికోసం వేరే సైటుకి పోనక్కర్లేదు.

తర్వాత వింగెట్ సెర్చ్ పైథాన్ అని కొడితే ఒక పట్టిక వస్తుంది. మొదటిసారి అయితే షరతులకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది, వై నొక్కాలి. పట్టికలో ఒకే పేరుతో పోలికగా ఉన్నవి చాలా కనిపిస్తాయి. అందుకే పేరు పక్కనున్న ఐడీ చూసి ఎక్కించాలి. పైథాన్ 3.12 ఐడీ పైథాన్ చుక్క పైథాన్ చుక్క 3.12. గిట్‌ది గిట్ చుక్క గిట్. వింగెట్ షో అని కొట్టి ఐడీ ఇస్తే తయారుచేసింది ఎవరు, ఫైలు ఏ సైటు నుంచి వస్తుంది, హ్యాష్ ఎంత అన్నీ చూపిస్తుంది. ఆ అర నిమిషం పెట్టడం మంచిది. అంతా బాగుంటే వింగెట్ ఇన్‌స్టాల్, ఖాళీ, రెండు అడ్డగీతలతో ఐడీ, ఆ తర్వాత ఆ పేరు.

ఇక్కడ దాదాపు అందరూ పడే తికమక ఒకటుంది. పైథాన్ ఎక్కింది అని చెబుతుంది, కానీ అదే కిటికీలో పైథాన్ అని కొడితే పలకదు, లేదంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. ఏదో పాడైందనుకుని తీసేసి మళ్ళీ ఎక్కిస్తారు, ఉన్న డేటా అయిపోతుంది. పాడైంది ఏమీ లేదు. కొత్తగా వచ్చినదాని చిరునామా పాత కిటికీకి తెలియదు. టెర్మినల్ మూసి మళ్ళీ తెరిస్తే చాలాసార్లు సరిపోతుంది.

వింగెట్ రాకముందు నుంచీ విండోస్‌లో చాకొలేటీ అని ఒకటి, స్కూప్ అని ఒకటి ఉన్నాయి. చాకొలేటీని ఎక్కించాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కుతో పవర్‌షెల్ తెరవాలి. స్కూప్‌కి ఆ హక్కు అక్కర్లేదు, వాడేవాళ్ళ సొంత ఫోల్డర్‌లోనే అన్నీ పెడుతుంది. మొదటి ఏడాది పిల్లలకి మాత్రం వింగెట్ చాలు. మూడూ పెట్టుకుంటే ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలియక చిక్కు.

డేటా సంగతి. వింగెట్ అప్‌గ్రేడ్ అని ఊరికే కొడితే ఏవేవి పాతబడ్డాయో పట్టిక ఇస్తుంది. దానికి ఆల్ తగిలిస్తే అన్నీ ఒకేసారి దించేస్తుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద నడిచే ఇంట్లో ఆ పని చేస్తే ఆ రాత్రి కువైట్‌లో ఉన్న అన్నయ్యతో వీడియో కాల్ ఉండదు. పట్టిక చూసి, బ్రౌజర్ లాంటి ముఖ్యమైనవి ముందు చేసుకుంటే సరి.

లినక్స్‌లో పని ఇంకా సుళువు, ఎందుకంటే ఎక్కించాల్సిందే లేదు. డెబియన్ వాళ్ళ ఏపీటీ 1999లో వచ్చిన డెబియన్ 2.1 నాటిది. ఉబుంటు, మింట్ కూడా దాన్నే వాడతాయి. ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్. ఉబుంటులో సూడో ఏపీటీ అప్‌డేట్ అని కొడితే సాఫ్ట్‌వేర్లు మారవు. టోకు వ్యాపారి దగ్గర కొత్త ధరల పట్టీ తెచ్చుకున్నట్టు, జాబితా మాత్రమే కొత్తదవుతుంది. తర్వాత సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ అని కావలసిన పేరు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు కొన్ని వెర్షన్లలో చుక్కలు కూడా కనిపించవు, కీబోర్డు పనిచేయట్లేదని అనుకోవద్దు. లాక్ దొరకలేదు అని వస్తే వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందని అర్థం. పది నిమిషాలు ఆగాలి తప్ప, ఎవరో రాశారని లాక్ ఫైళ్ళు చెరిపేయకూడదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. గల్ఫ్ నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. పారేయడం కన్నా లినక్స్ వేసుకోవడం ఒక దారి. పైగా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వాడటం హలాలేనా అని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నకి ఇక్కడ చోటే రాదు. లిబ్రెఆఫీస్ లాంటివి కాపీ చేసుకోమనీ, పంచుకోమనీ లైసెన్సులోనే రాసి ఇస్తాయి. ఒకప్పుడు ఉబుంటు ముస్లిం ఎడిషన్ అని కూడా ఉండేది. 2007లో మొదలై, తర్వాత సబీలీ అని పేరు మార్చుకుని, నమాజు వేళలు, ఖుర్ఆన్ చదివే జెక్ర్ సాఫ్ట్‌వేర్ అన్నీ ముందే పెట్టి ఇచ్చేవాళ్ళు. 2011తో ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కడైనా దొరికినా వాడకండి, భద్రతా అప్‌డేట్లు రావు.

ఉర్దూ, తెలుగు రెండూ రాసేవాళ్ళకి ఇంకో లాభం. ఉబుంటులో ఫాంట్స్-నోటో-కోర్ అనే ఒక్క ప్యాకేజీతో తెలుగు ఫాంట్లతోపాటు నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటు కూడా వస్తుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రాలో ఉంటాయి. ఫాంట్ల సైట్లు తిరిగి జిప్ ఫైళ్ళు దించే బాధ తప్పుతుంది.

మ్యాక్ పాలకొల్లులో తక్కువే, కానీ హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాల్లో చేరిన పిల్లల దగ్గర ఉంటుంది. అక్కడ అందరూ వాడేది హోమ్‌బ్రూ, 2009లో మ్యాక్స్ హోవెల్ మొదలుపెట్టాడు. దాన్ని బయటినుంచి తెచ్చుకోవాలి. అధికారిక సైటు బ్రూ చుక్క ఎస్‌హెచ్. అక్కడున్న ఒక్క లైను కాపీ చేసి టెర్మినల్‌లో పెట్టాలి. ఆపిల్ వాళ్ళ కమాండ్ లైన్ టూల్స్ లేకపోతే అదే తెచ్చుకుంటుంది, కొంచెం సేపు పడుతుంది. అంతా అయ్యాక చివర్లో నెక్స్ట్ స్టెప్స్ అని కొన్ని లైన్లు వస్తాయి. అవి కూడా కొట్టాలి. వదిలేస్తే ఎం1, ఆ తర్వాతి చిప్‌ల మ్యాక్‌లలో బ్రూ అనే కమాండే లేదంటుంది.

ఈ హోమ్‌బ్రూ దగ్గరే 2025 జనవరిలో పెద్ద మోసం బయటపడింది. గూగుల్‌లో హోమ్‌బ్రూ అని వెతికితే పైన ఒక ప్రకటన వచ్చేది. అందులో కనిపించే చిరునామా అసలుదే. నొక్కితే మాత్రం బ్రూ పేరు చివర ఇంకో ఈ అక్షరం తగిలించిన వేరే సైటు తెరుచుకునేది. చూడటానికి అచ్చం అసలు పేజీ లాగే ఉండేది. అక్కడి లైను కాపీ చేసి టెర్మినల్‌లో పెడితే పాస్‌వర్డులు దోచే ఆమోస్ స్టీలర్ దిగేది. మోసపోయేది కంప్యూటర్ తెలియనివాళ్ళే అనుకోవడానికి లేదు. టెర్మినల్ తెరవడం తెలిసినవాళ్ళ కోసమే పన్నిన వల అది.

అంటే జాగ్రత్త అంతా ప్యాకేజీ మేనేజర్‌ని తెచ్చుకునే ఆ ఒక్క అడుగు దగ్గరే కావాలి. ప్రకటన నొక్కకుండా చిరునామా చేత్తో కొట్టాలి, పేజీ వచ్చాక మళ్ళీ అక్షరం అక్షరం చూడాలి. మీరు రోబో కాదని నిరూపించుకోండి, ఈ లైను కాపీ చేసి రన్‌లో పెట్టండి అని ఏ సైటు చెప్పినా అది మోసమే, ఆ పేజీ మూసేయాలి.

ప్యాకేజీ మేనేజర్ ఉంటే ఇక భయం లేదని కూడా కాదు. 2024 మార్చిలో లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో దొంగ దారి బయటపడింది. డెబియన్, ఫెడోరా పరీక్షా వెర్షన్లలోకి అది అప్పటికే వచ్చేసింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వడంతో దొరికింది. ఇళ్ళల్లో వాడే స్థిరమైన వెర్షన్లకు చేరకుండానే ఆపారు. అర సెకను కోసం ఎవరు పట్టించుకుంటారు? ఆయన పట్టించుకున్నాడు. అలాగే ట్యాలీ లాంటి డబ్బు కట్టి కొనే సాఫ్ట్‌వేర్లకు ఆ కంపెనీ సొంత సైటే దారి.

ల్యాప్‌టాప్ ఇంకా కొనలేని ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్ మీదే టెర్మక్స్ అనే యాప్‌తో పైథాన్ నేర్చుకోవచ్చు. దాన్ని తయారుచేసేవాళ్ళు ఎఫ్-డ్రాయిడ్ నుంచి గానీ, వాళ్ళ గిట్‌హబ్ పేజీ నుంచి గానీ తీసుకోమంటారు. తెరిచి పీకేజీ అప్‌డేట్, తర్వాత పీకేజీ ఇన్‌స్టాల్ పైథాన్ అని కొట్టాలి. పీకేజీ అంటే ఇంగ్లీషులో పీ, కే, జీ మూడే అక్షరాలు. చిన్న తెర మీద కష్టమే కానీ మొదటి సెమిస్టర్ ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి.

ఇప్పటికే ఏదో బటన్ నొక్కేసి అనుమానంగా ఉంటే, ముందు ఆ ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ తీసేయాలి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చాలి, అదే ల్యాప్‌టాప్ నుంచి కాదు. మెయిల్‌లో అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకి ఫోన్ చేయాలి. అబ్బా తిడతారని పిల్లలు రెండు రోజులు దాచిపెడితే, ఆ రెండు రోజుల్లో డబ్బు ఎన్నో ఖాతాలు దాటిపోతుంది.