జూదానికి పిలిచేవాని బాధ్యత

ఆన్‌లైన్ జూదంలో ఆస్తి పోగొట్టుకున్నవానిని లోకం నిందిస్తుంది. అతణ్ణి ఆ ఆటకు పిలిచినవాని మాటేమిటి?

దివ్య ఖుర్ఆన్ ‘మాయిదా’ సూరా 90, 91 ఆయతులలో మైసిర్‌ను, అనగా జూదాన్ని నిషేధించింది. అది మనుషుల మధ్య వైరం పెంచుతుందనీ, నమాజు నుండి మరలిస్తుందనీ కారణం కూడా తెలిపింది. అదే సూరా 2వ ఆయతు పాపకార్యంలో సహకరించటాన్ని సైతం వారించింది. మద్యం విషయంలో మహాప్రవక్త (స) తాగేవానినే గాక తయారుచేసేవానిని, మోసేవానిని, అమ్మేవానిని, దాని వెల తినేవానిని కూడా శపించారు. ఖియాస్ ప్రకారం జూదానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది.

దేశ చట్టం కూడా ఈ దారికే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు ఆటలు నడిపేవారికి 3 సంవత్సరాల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. వాటిని ప్రచారం చేసేవారికి 2 సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఈ కేంద్ర చట్టంలో ఆడినవానికి శిక్ష లేదు.

అంతమాత్రాన ఆడినవాడు అల్లాహ్ ఎదుట నిర్దోషి కాడు. గుంటూరు యార్డులో మిరప అమ్మగా వచ్చిన సొమ్మును ఫోనులో పందెం ఒడ్డినవానికి తౌబా తప్పదు. అయితే ఆ యాప్‌ను మిత్రులకు పంపి కమీషను పుచ్చుకున్నవాడు ‘నేను ఆడలేదు గదా’ అని తప్పించుకోజాలడు. ఆ కమీషను కూడా హరామే.