నవ్వించు పండ్ల డాక్టరు

పంటిపోటు వచ్చినవానికి నవ్వు రాదు. అయినను వాని అవస్థను వెండితెరపై చూచినప్పుడు మనమందరము నవ్వుదుము. ఈ కిటుకును హాస్యచిత్రములవారు తొలినాళ్లలోనే కనిపెట్టిరి. 1914లో కీస్టోన్ సంస్థ కొరకు చార్లీ చాప్లిన్ తీసిన ‘లాఫింగ్ గ్యాస్’ అను చిన్న మూకీచిత్రము అట్టిది. దానికి గొప్ప హంగులు లేవు. కొన్ని గదులు, కొంత వీధి, అంతే. అందు చాప్లిన్ వైద్యుడు కాడు, వైద్యుని కొలువులోని సహాయకుడు. అయినను తానే వైద్యుడనని నటించి రోగులను కుర్చీలో కూర్చుండబెట్టును. మత్తు ఎక్కువై నవ్వు ఆపుకొనలేని రోగిని ఒక్క మొత్తు మొత్తి ఊరుకొనబెట్టును!

మనకు నవ్వు ఏల వచ్చును? నోరు తెరచి కూర్చున్న రోగి కాదనలేడు. లోపల జరుగునది చూడనూలేడు. ఆ నిస్సహాయతయే హాస్యమునకు మూలము. నిజజీవితమున మోసమునకును అదియే మూలము. తెరపై ఆ మోసము కొద్ది నిమిషములలో ముగియును. ఊరిలో జరిగినచో దాని ఫలితము జీవితాంతము పంటిపై నిలుచును.

ఈ మాట కొనకనమిట్లవంటి చోట మరింత పట్టింపవలసినది. పొదిలి, కనిగిరి, కొనకనమిట్ల ప్రాంతముల భూగర్భజలములలో ఫ్లోరైడు బాధ కలదు. దక్షిణ భారతమున ఈ వ్యాధిని గూర్చి 1937లో వెలువడిన తొలి పరిశోధన నాటి నెల్లూరు జిల్లాకు సంబంధించినదే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. చిగురులోపల పండ్లు రూపొందు బాల్యమున ఇది మితిమీరినచో పింగాణివంటి పైపొర చెడును. సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు, ఒక్కొక్కప్పుడు గుంటలు ఏర్పడును. ఇది పండ్లు తోముకొనకపోవుటచే వచ్చిన మురికి కాదు. పిల్లలను నిందించుట అన్యాయము.

మార్కాపురపు పలకపై గీసిన గీత తుడిచిన పోవును. ఈ మచ్చ అట్లు పోదు. ‘ఒక్క పూటలో తెల్లగా చేసెదను’ అని ఎవడైన ఆమ్లముతో రుద్దినచో రంగు తగ్గినట్లు కనబడవచ్చును. కాని దానితో పైపొరయు కరగిపోవును. అది మరల పెరుగదు. పిమ్మట చన్నీరు తగిలినను పన్ను జివ్వుమనును. చదివిన వైద్యుడు మచ్చ లోతును చూచి, తగినంత మేరకే పైపొరను మెరుగుపెట్టును. లేదా పంటిరంగు పూతను అతుకును. దంతవైద్యులు నమోదు పొందియే వైద్యము చేయవలెనని 1948 నాటి చట్టము విధించినది. కావున కుర్చీలో కూర్చుండుటకు ముందే నమోదు సంఖ్యను అడుగుటకు మనము మొగమాటపడరాదు. పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి అయితేనేమి అందురు. పండ్లు నిలుపుకొనుటకు మాత్రము ఏ చేయి అయినను చాలదు.

ఇంతకును వైద్యము రెండవ మాట. నీరు మొదటి మాట. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తరిగినకొలది దాని పాలు హెచ్చును. బావినీటిని పరీక్ష చేయించి, పసిపిల్లలకు మంచినీటిని ముందుగా కేటాయించినచో రానున్న పండ్లు తెల్లగా వచ్చును. అప్పుడు దొంగ డాక్టరును తెరమీదనే చూచి, నోరారా నవ్వవచ్చును.