రక్తంలో కేన్సర్ కణాల చప్పుడు

అరికాలిలో నల్లమచ్చ కనిపిస్తే మన పల్లెల్లో ముల్లు విరిగిందంటారు. గోరు నల్లబడితే గడ్డపార తగిలిందంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ నెలలు గడిచినా పోని మచ్చ, రానురాను వెడల్పయ్యే గోటి గీత మెలనోమా అనే చర్మపు కేన్సర్ కావచ్చు. మన దేశంలో ఇది అరుదు. వస్తే ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. చెప్పుల్లేకుండా చెలకల్లో తిరిగే కాళ్లకు మట్టి అంటుకుని ఉంటే మచ్చ ఎవరి కంటా పడదు.

ఈ జబ్బు ప్రాణం మీదికి తెచ్చేది పాకినప్పుడే. మచ్చ నుంచి విడిపోయిన కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు చేరతాయి. వాటిని పట్టడం కష్టం. ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటే, పరీక్షకు తీసేది చిన్న సీసాలో పట్టేంత. చెంబెడు నీళ్లు ముంచి చెరువులో చేప లేదన్నట్టే.

అమెరికాలోని ఆర్కన్సా వైద్య విశ్వవిద్యాలయంలో వ్లదిమీర్ జారోవ్ బృందం సూది గుచ్చకుండానే వెతికే యంత్రాన్ని తయారు చేసింది. చేతి మీది రక్తనాళంపై లేజర్ కాంతిని ఆపి ఆపి ప్రసరిస్తారు. మెలనోమా కణంలో నల్లరంగు పదార్థం ఉంటుంది. ఎండలో నల్ల గొంగడిలా అది చటుక్కున వేడెక్కి, ఉబ్బి, చెవికందని సన్నని చప్పుడు చేస్తుంది. చర్మానికి ఆనించిన పరికరం దాన్ని వింటుంది. కాంతి తగిలి వస్తువులు శబ్దం చేస్తాయని టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ 1880లోనే గమనించాడు.

2019లో వెలువడిన ఫలితాల ప్రకారం 28 మంది మెలనోమా రోగుల్లో 27 మందికి ఈ కణాలు దొరికాయి. జబ్బులేని 19 మందిలో ఒక్కరికీ తప్పుగా చూపలేదు.

మనవంటి ఒంటిరంగుకు ఒక చిక్కుంది. చర్మంలోని నలుపు కూడా చప్పుడు చేస్తుంది. అయితే ఆఫ్రికాలోని కామెరూన్‌లో మలేరియా రోగులపై ఇదే యంత్రాన్ని వాడి చూశారు. మలేరియా క్రిమి రక్తంలో తయారుచేసే రంగు పదార్థాన్ని అది పట్టగలిగింది. ఆ వివరాలు 2024లో వెలువడ్డాయి.

యంత్రం ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అనుమానపు మచ్చకు ఇక్కడ చేసేది ముక్క పరీక్షే. కోస్తే పాకుతుందని భయపడేవారున్నారు. డాక్టరు చేసే పరీక్షతో అలా పాకదు. జీడి పెట్టి కాల్చడం, బ్లేడుతో గీకడం వల్లనే కాలం వృథా అవుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కింద చికిత్స చేస్తారు.