నేల చెప్పే ఆనవాళ్ళు

వేకువనే పెరటి తలుపు తీయగానే నిన్న లేని రంధ్రం ఒకటి కనిపిస్తే ఎవరికైనా ముందుగా పాము తలపునకు వస్తుంది. ఈ భయంలో సగమే సత్యం ఉంది. నాగుపాముగాని, కట్లపాముగాని, రక్తపింజరిగాని నేలను తవ్వి బొరియ చేసుకోవు. ఎలుకలు తవ్విన కలుగులలోను, చెదలు కట్టిన పుట్టలలోను తలదాచుకుంటాయి. కనుక తవ్వినదెవరో తెలిసినా, నివసిస్తున్నదెవరో తెలిసినట్లు కాదు.

నంద్యాల జిల్లా నందికొట్కూరు ప్రాంతంలో నల్లరేగడి చేలు, కె.సి. కాలువ కింది వరిమళ్ళు, రోళ్ళపాడు గడ్డిభూములు చేరువచేరువగా ఉన్నాయి. అందువల్ల ఇక్కడి నేలపై పలువిధాల కలుగులు కనిపిస్తాయి. రంధ్రపు పరిమాణం, ఆకారం, వెలుపలి మన్ను, చుట్టూ ఉన్న గుర్తులు - ఈ నాల్గింటిని పరిశీలిస్తే తవ్విన ప్రాణిని చాలావరకు గుర్తించవచ్చు.

ద్వారం వద్ద తాజా మట్టి కుప్పగా ఉంటే అది పందికొక్కు పని. అది తరచుగా ద్వారాన్ని మట్టితో మూసి, లోపల కంకులు దాచుకుంటుంది. వేలు పట్టేంత కన్నం, దాని చెంత కొద్దిపాటి మన్ను ఉంటే అది చేనిలోని చిట్టెలుకది. తడి గట్టుపై మట్టి ఉండలు పేర్చినట్లున్న రంధ్రం పీతది. నెలవంకవలె అడ్డంగా ఉన్న ద్వారం నల్లతేలుది. కలుగు లేకుండానే నేలంతా పెళ్ళగించి ఉంటే అడవిపంది దుంపలకై వచ్చిందని గ్రహించాలి. బట్టమేకపిట్ట రక్షణకై 1988లో అభయారణ్యమైన రోళ్ళపాడు బయళ్ళలో పలు ద్వారాలున్న పెద్ద బొరియ కనిపిస్తే అది గుంటనక్క నివాసం కావచ్చు.

కలుగులో ఎలుక ఉన్నదా లేదా అని తెలుసుకోవడానికి రైతులు ఒక సులభమైన పరీక్ష చేస్తారు. సాయంకాలం కలుగులన్నింటినీ మట్టితో మూసివేస్తారు. మర్నాటి ఉదయం తెరచుకొని ఉన్నవే ఎలుకలు తిరుగుతున్న కలుగులు. కుండలో గడ్డి రగిల్చి, పొగ ఊది ఎలుకలను పట్టే యానాదులు సైతం ముందుగా తక్కిన ద్వారాలను వెదకి మూస్తారు. నేలను చదవడం వారికి తరతరాల విద్య.

మూసిన కలుగు తెరచుకోకపోయినా అది శూన్యమని నమ్మరాదు. ఎలుకను వెదుక్కుంటూ వెళ్ళిన పాము లోపలనే ఉండవచ్చు. అందుచేత ఎంత చిన్న రంధ్రంలోనైనా చేయి పెట్టరాదు. రాత్రివేళ దీపం లేకుండా పెరటిలో తిరగరాదు. పాము కరిస్తే గాటు పెట్టడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రాలతో కాలయాపన చేయడం ప్రాణానికే ముప్పు. కరచిన అవయవాన్ని కదలనీయక వెంటనే విరుగుడు మందు లభించే ఆసుపత్రికి చేర్చాలి.

రాలిన గింజలను ఊడ్చి, గడ్డివామిని ఇంటికి దూరంగా వేసి, పాత కలుగులను పూడ్చివేస్తే సమస్య మొదటిలోనే తొలగుతుంది. ఎలుకకు మేత లేని పెరటిలో పాముకు పని ఉండదు.