రేడియో విమానం తొలి రోజే కూలుతోందా?
ఇంట్లోనే చూసుకోవలసిన సంగతులు కొన్ని, మైదానంలో మరికొన్ని

ఇంజనీరింగు కళాశాలల ప్రదర్శనల్లోనో, ఎన్.సి.సి. వైమానిక విభాగం శిక్షణలోనో చూసి ముచ్చటపడి రేడియో విమానం కొనుక్కునే కుర్రవాళ్లుంటారు. కొన్ని వేల రూపాయలు పోసి తెచ్చిన ఆ ఫోము విమానం మొదటి ఆదివారమే ముక్కలై సంచిలో ఇంటికి చేరుతుంది. ఆ పైన అది అటక ఎక్కుతుంది. కుర్రవాడి ఉత్సాహమూ దానితో పాటే అటక ఎక్కుతుంది.

తొలి ప్రయత్నంలో విమానం కూలడానికి సాధారణంగా కనిపించే కారణాలు అరడజనుకు మించవు. వాటిలో సగం బల్ల మీదనే పట్టుకోవచ్చు.

వేళ్ల మీద తూచండి

విమానం లేవగానే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం ఆగినట్లై, పక్కకు ఒరిగి పడిపోయిందంటే తోక బరువైనదని అనుమానించాలి. రెక్క ముందు అంచు నుంచి వెనుక అంచు వరకు ఉన్న వెడల్పులో, ముందు నుంచి సుమారు నాలుగో వంతుకు, మూడో వంతుకు మధ్య బరువు కేంద్రం ఉండాలి. రెక్క వెడల్పు 18 సెంటీమీటర్లయితే ముందు అంచు నుంచి నాలుగున్నర, ఆరు సెంటీమీటర్ల మధ్య అన్నమాట. విమానంతో వచ్చిన పుస్తకంలో కొలత ఇచ్చి ఉంటే దానినే పాటించాలి.

బ్యాటరీని లోపల అమర్చి, రెక్కల కింద ఆ చోట రెండు వేళ్లు ఆనించి ఎత్తి చూడండి. విమానం సమంగా గాని, ముక్కు కాస్త కిందికి వాలి గాని నిలవాలి. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపాలి. అదీ చాలకపోతే ముక్కులో చిన్న సీసం ముక్క అంటించాలి.

కుడి అంటే కుడేనా?

తీగలు బిగించేటప్పుడు చుక్కానులు తలకిందులుగా పనిచేయడం తరచుగా జరిగే పొరపాటు. ముందుగా ప్రొపెల్లరు ఊడదీయండి. విమానం వెనుక నిలబడి కర్రను కుడికి నెట్టండి. కుడి రెక్క మీది ఐలెరాను పైకి లేవాలి, ఎడమది దిగాలి. రడ్డరు కుడికి తిరగాలి. కర్రను మీ వైపు లాగితే తోక మీది ఎలివేటరు పైకి లేవాలి. ఏది తలకిందులైనా ట్రాన్స్‌మిటరులో మార్చే వీలుంటుంది.

మోటారు మొరాయిస్తే

ముందు ట్రాన్స్‌మిటరు, ఆ తరువాతనే విమానం బ్యాటరీ కలపాలి. తీసేటప్పుడు ముందు విమానం బ్యాటరీ తీయాలి. వేగం కర్ర పూర్తిగా కిందికి లేకపోతే మోటారు తిరగదు. అది లోపం కాదు, చేతివేళ్ల రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. బ్రష్‌లెస్ మోటారు వెనక్కి తిరుగుతుంటే దాని మూడు తీగల్లో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే సరిపోతుంది. మోటారు తిరుగుతున్నా లాగుడు లేకపోతే ప్రొపెల్లరు వెనుకా ముందూ అయిందేమో చూడండి. ముక్కున ప్రొపెల్లరు ఉన్న విమానాల్లో అంకెలు, అక్షరాలు అచ్చువేసిన వైపు ముందుకు ఉండాలి.

పైకి లాగితే పైకి పోదు

విమానం కిందికి దిగుతోందని కంగారుపడి కర్రను బాగా వెనక్కి లాగేవారే ఎక్కువ. వేగం లేనప్పుడు అలా లాగితే రెక్క మీద గాలి పట్టు తప్పి విమానం రాయిలా పడుతుంది. ఎత్తు ఉన్నప్పుడు కర్రను కొంచెం ముందుకు వదిలి, వేగం అందుకోనిచ్చి, మెల్లగా లేపాలి. గాలికి ఎదురుగానే ఎగరేయాలి, ఎదురుగానే దించాలి.

విమానం మీ వైపుకు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్లు అనిపిస్తుంది. దానికొక తేలిక ఉపాయం ఉంది. ఏ రెక్క కిందికి వాలితే ఆ వైపుకే కర్రను నెట్టండి, రెక్క లేస్తుంది. కంప్యూటరు మీద సిమ్యులేటరుతో కొన్నాళ్లు సాధన చేస్తే ఈ తికమక ఖర్చు లేకుండా తీరుతుంది.

బ్యాటరీతో చెలగాటం వద్దు

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు. నిల్వ ఉంచేటప్పుడు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఎగరేసేటప్పుడు గడియారం పెట్టుకుని, మోటారు నీరసించక ముందే దించాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జి చేయరాదు. చార్జి పెట్టి నిద్రపోరాదు, ఊరికి పోరాదు. మన వేసవి ఎండలో తలుపులు మూసిన కారులో దాన్ని వదలడం నిప్పుతో ఆటే.

చోటు చూసి ఎగరేయండి

కోతలైన వరి చేను, పచ్చిక మైదానం మంచివి. పడినా దెబ్బ తక్కువ. ఉదయం గాలి లేవక ముందు అనువైన వేళ. కరెంటు తీగలు, రోడ్లు, జనం ఉన్న చోట ఎగరేయవద్దు. అర కిలో విమానమైనా వేగంగా వచ్చి తగిలితే గాయం తప్పదు. ప్రొపెల్లరు వేళ్లు తెగ్గొట్టగలదు.

2021 నాటి డ్రోన్ నిబంధనలు రేడియో విమానాలకూ వర్తిస్తాయి. 25 కిలోలకు మించకుండా, చదువు కోసమో సరదా కోసమో ఎగరేసే మోడలు విమానం కంటి చూపు పరిధి దాటిపోకూడదు. ప్రభుత్వ పటంలో ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. ఎరుపు, పసుపు ప్రాంతాల్లో అనుమతి తప్పనిసరి. విమానాశ్రయం ఉన్న ఊళ్లవారు బయలుదేరే ముందు పటం చూసుకోవడం మరవరాదు.

ఇంత జాగ్రత్త పడినా విమానం ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. విరిగిన తెల్ల థర్మోకోలుకు మామూలు ఇన్‌స్టంటు గమ్ము పూస్తే అది కరిగిపోతుంది. ఫోముకు పనికివచ్చే గమ్మునే అడిగి తెచ్చుకోవాలి. అతికించిన తరువాత బరువు కేంద్రం మళ్లీ తూచి చూడాలి. మొదటి రెండు మూడు సార్లు అనుభవజ్ఞుడైన వ్యక్తి పక్కన ఉంటే, విమానం అటక ఎక్కవలసిన అవసరమే రాదు.